ఆ పిలగాడి అమ్మ అన్నం తినిందా?

నా మొదటి కథ అచ్చయినప్పుడు నాకు 24 ఏళ్లు. ఇంటర్ పాసైన ఒక కుర్రాడు, చెరువు కట్ట మీద ముగ్గురు స్నేహితులు, ఒక క్వార్టర్ సీసా, వేరుశెనక్కాయలు. కుర్రాడు మొదటి గుక్కకి దగ్గుతాడు, రెండో గుక్కకి ఏడుస్తాడు, మూడో గుక్కకి వాళ్ల నాన్న మీద ఉన్న కోపమంతా చెప్పేస్తాడు. తెల్లవారుజామున ఇంటికి నడుస్తుంటే చెరువు నీళ్లలో తన ముఖం తనకే కొత్తగా కనబడుతుంది. అక్కడ కథ అయిపోతుంది. ఒక వారపత్రిక వేసింది. చదివిన వాళ్లు బాగుందన్నారు.

ఆ పత్రిక పట్టుకుని మా ఊరు వెళ్లాను. అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాను. చివరిదాకా విని, చాట పక్కన పెట్టి, ఒకే ఒక్క మాట అడిగింది.

"అయితే పాపా, ఆ పిలగాడి అమ్మ ఆ పూట అన్నం తినిందా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ కథలో అమ్మ ఒకే వాక్యంలో ఉంది. 'అమ్మ తలుపు తీసింది.' అంతే. ఆమె ఎప్పుడు పడుకుందో, పడుకుందో లేదో, వండింది ఏమిటో నాకు తెలియదు. నేను రాసిన మనిషి గురించి నాకే తెలియదు. అప్పటి నుంచి, అంటే ఇరవై ఏళ్లకు పైగా, ఎవరి కథలో గ్లాసు కనబడినా ముందు ఈ ప్రశ్న వేసుకుంటున్నాను. ఇది నీతి ప్రశ్న కాదు. కథ ఎవరిదో తేల్చే ప్రశ్న.

కథల వర్క్‌షాపుల్లో అప్పుడప్పుడు కొత్తగా రాసే పిల్లలతో కూర్చుంటాను. చెరువు కట్ట పోయి ఇప్పుడు హాస్టల్ టెర్రస్ వచ్చింది, వేరుశెనక్కాయలు పోయి చిప్స్ ప్యాకెట్ వచ్చింది. మిగతాదంతా నా కథే. 'రేయ్, ఒక్క పెగ్గే కదరా' అనే స్నేహితుడు ఉంటాడు. ఆ పెగ్గు తర్వాత కుర్రాడి నోటి నుంచి నిజం వస్తుంది. పొద్దున్నే వాడు పెద్దవాడైపోతాడు. కథలో తాగుడు ఉండకూడదని నేను అనను. తాగే మనుషులున్న చోట తాగే కథలుంటాయి. నా అభ్యంతరం వేరు. కథ చిన్నది, చోటు తక్కువ. ఉన్న కాస్త చోటులో ఒక మనిషి ఎదిగాడని చూపించాలంటే ఏదో ఒక గుర్తు కావాలి. గ్లాసు ఆ పని సులువుగా చేసిపెడుతుంది కాబట్టే మనం దాన్ని అందుకుంటున్నాం. కానీ ఆ రాత్రి నిజంగా ఎదిగిన మనిషి చాలాసార్లు ఆ టెర్రస్ మీద ఉండడు, ఇంట్లో ఉంటాడు. చాలాసార్లు ఉంటుంది.

గుర్తు ఎందుకు కావాల్సి వస్తుందో కూడా ఆలోచించాను. మన భాషలో 'పెద్దమనిషి అయింది' అనే మాట ఆడపిల్లకే ఉంది. ఆడపిల్ల ఎదిగిందన్న సంగతి ఒంటి మీదే తెలిసిపోతుంది, ఆ సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది. పీట మీద కూర్చోబెడతారు, చిమ్మిలి పెడతారు, ఓణీ ఇస్తారు. మగపిల్లాడికి అలాంటి రోజు లేదు. కొన్ని కులాల్లో ఒడుగు ఉంది, కొన్ని ఇళ్లల్లో పంచెల ఫంక్షన్ చేస్తున్నారు. ఎక్కువమందికి ఏదీ లేదు. చట్టాన్ని అడిగితే అదీ తడబడుతుంది. రాజ్యాంగానికి 61వ సవరణ వచ్చాక 1989 నుంచి 18 ఏళ్లకే ఓటు. కానీ ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మందు కొనాలంటే 21 నిండాలి. ఈ ఖాళీలో కుర్రాళ్లు తమకు తాము ఒక తంతు కల్పించుకుంటారు. రచయితలు ఆ తంతుని ఉన్నదున్నట్టు కథలోకి తెచ్చేసుకుంటారు.

అయితే ఆ తంతుకి బలం రావాలంటే ముందు ఒక అడ్డు ఉండాలి. దాటడానికి గడప ఉంటేనే దాటడం. తెలంగాణ పల్లెలో పెరిగిన నా స్నేహితురాలు ఒకామె ఉంది. వాళ్లింట్లో పండగంటే కల్లు ఉండాల్సిందే. బోనాలకి అమ్మవారికి సాక పోసేదీ కల్లే. తాత తన చేత్తో మనవడికీ మనవరాలికీ ఒక గుక్క పోసేవాడట. 'నేను మొదటిసారి ఎప్పుడు తాగానో నాకు గుర్తే లేదు' అంటుంది ఆమె. ఆమెకు నా చెరువు కట్ట కథ అర్థమైంది కానీ తగల్లేదు. అక్కడ ఆ గడపే లేదు మరి. అంటే మొదటి గుక్క అన్నది అందరికీ చెల్లే గుర్తు కాదు. చాటుగా తాగే ఇళ్ల గుర్తు, తాగుడు గొడవైన ఇళ్ల గుర్తు. నేను పెరిగింది అలాంటి ఇంట్లోనే.

ఈ గడప బాగా ఎత్తుగా ఉన్న దేశం ఒకటుంది, ఐర్లండ్. అక్కడి కాథలిక్ పిల్లలు కన్ఫర్మేషన్ అనే సంస్కారం జరిగే రోజున, పెద్దయ్యేదాకా మద్యం ముట్టమని ప్రమాణం చేయడం చాలా కాలం ఆనవాయితీ. 1838లో కార్క్ నగరంలో ఫాదర్ మాథ్యూ మద్యం మానిపించే ఉద్యమం మొదలుపెట్టాడు. 1898లో డబ్లిన్‌లో పయొనీర్ అసోసియేషన్ వచ్చింది. మానేసిన వాళ్లు కోటుకి ఒక చిన్న పిన్ను పెట్టుకునేవారు. అలాంటి చోట ఒక పిల్లాడి చేతికి గ్లాసు వస్తే దాని బరువే వేరు. బహుశా అందుకేనేమో, ఈ విషయం మీద నాకు తెలిసిన గొప్ప కథలు రెండూ అక్కడివే.

ఫ్రాంక్ ఓకానర్ రాసిన 'ది డ్రంకర్డ్' మొదటిది. తండ్రి కొన్నాళ్లు మానేసి, మళ్లీ మొదలుపెట్టే రకం. స్నేహితుడు చనిపోతాడు, అంత్యక్రియలకు వెళ్లాలి. అంత్యక్రియల తర్వాత అందరూ పబ్బుకి వెళతారని తల్లికి తెలుసు. అందుకని చిన్న కొడుకుని వెంట పంపుతుంది. వాడుంటే ఈయన తాగడని ఆశ. పబ్బులో తండ్రి తన గ్లాసు పక్కన పెట్టి కబుర్లలో పడతాడు. లెమనేడ్ తాగేసి ఇంకా దాహంగా ఉన్న పిల్లాడు ఆ గ్లాసు అందుకుని మొత్తం తాగేస్తాడు. తర్వాత వాంతులు, దెబ్బ, కేకలు, వీధి వీధంతా చూస్తుండగా తండ్రి ఆ తాగిన కొడుకుని ఇంటికి నడిపించుకు రావడం. ఆ గొడవలో తండ్రి అసలు తాగనే లేదు. చివర్లో తల్లి కొడుకుని దగ్గరికి తీసుకుని, నువ్వే ఆయనకు కాపలా దేవదూతవయ్యావని మురిసిపోతుంది.

మొదటిసారి చదివినప్పుడు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. రెండోసారి అమ్మ ప్రశ్న గుర్తొచ్చింది. అప్పుడు కథ మొదట్లోనే ఆగిపోయాను, ఆమె కొడుకుని వెంట పంపిన చోట. భర్త పక్కన కాపలాగా పిల్లాణ్ని నిలబెట్టాల్సిన ఇల్లు అది. ఆ పిల్లాడి బాల్యం పబ్బులో గ్లాసు ఎత్తినప్పుడు పోలేదు. 'నాన్నతో వెళ్లు' అని అమ్మ చెప్పినప్పుడే, ఎందుకు వెళ్లమంటోందో వాడికి అర్థమైనప్పుడే పోయింది. గ్లాసు ఆ తర్వాత సంగతి. ఓకానర్‌కి ఇది బాగా తెలుసు. 1903లో కార్క్‌లో పుట్టిన ఆయన అసలు పేరు మైకేల్ ఓడొనోవన్. తండ్రి తాగుబోతు, తల్లి ఇళ్లల్లో పనిచేసి సంసారం ఈదింది. రచయితగా ఆయన పెట్టుకున్న ఇంటిపేరు తల్లి పుట్టింటిది. ఈ సంగతి తెలిశాక ఆ కథలో నవ్వు నాకు మరోలా వినిపించడం మొదలైంది. తల్లి వైపు నిలబడి నవ్వినవాడి నవ్వు అది.

రెండోది జేమ్స్ జాయిస్ కథ 'కౌంటర్‌పార్ట్స్', 1914లో వచ్చిన 'డబ్లినర్స్' సంపుటంలోది. కథంతా ఫారింగ్టన్ అనే గుమాస్తా వెనకే నడుస్తుంది. ఆఫీసులో అవమానం, జేబు గడియారం తాకట్టు పెట్టి తెచ్చుకున్న ఆరు షిల్లింగులు, ఒక పబ్బు నుంచి మరో పబ్బుకి, చివరికి ఒక కుర్రాడితో చేతిబలం పందెంలో ఓటమి. డబ్బులన్నీ అయిపోయాయి, మత్తు మాత్రం సరిగా ఎక్కలేదు. ఇంటికొస్తే చీకటి, పొయ్యి ఆరిపోయి ఉంది. భార్య చర్చికి వెళ్లింది. ఒక చిన్న కొడుకు మెట్లు దిగి వస్తాడు. నీకు భోజనం వండుతాను నాన్నా అంటాడు. పొయ్యి ఆరిపోనిచ్చావని తండ్రి కర్ర తీస్తాడు. పిల్లాడు మోకాళ్ల మీద పడి, కొట్టొద్దు, కొట్టకపోతే నీకోసం మేరీ మాతకు ప్రార్థన చెబుతాను అని బతిమాలతాడు. కథ అక్కడే ఆగిపోతుంది.

ఆ పుస్తకం మూసేసి చాలాసేపు బయట తిరిగాను. ఎందుకంటే ఆ బేరం నాకు తెలుసు. నేనూ ఆడాను. 'ఎక్కాలు ఒప్పజెబుతాను నాన్నా, పదిహేనో ఎక్కం కూడా వచ్చు' అనేదాన్ని. పిల్లల దగ్గర ఏముంటుంది ఇవ్వడానికి? వాడి దగ్గర ఒక ప్రార్థన ఉంది, నా దగ్గర ఒక ఎక్కం ఉంది. జాయిస్ ఆ పిల్లాడికి ఒక పేజీ కూడా పూర్తిగా ఇవ్వలేదు. అయినా కథ పూర్తయ్యాక మనకు గుమాస్తా మరుగున పడి పిల్లాడే మిగులుతాడు. నేను నా కథలో చేయాల్సింది ఇదే. నేను రాయాల్సిన మనిషి ఆ పిల్లాడు.

మరి తాగే కుర్రాళ్ల కథలు గొప్పగా ఉండవా అంటే ఉంటాయి. హెమింగ్వే 1925 నాటి 'ఇన్ అవర్ టైమ్' సంపుటంలో 'ది త్రీ డే బ్లో' అనే కథ ఉంది. బయట ఈదురుగాలి, లోపల మంట దగ్గర నిక్, బిల్ అనే ఇద్దరు కుర్రాళ్లు, బిల్ వాళ్ల నాన్న విస్కీ. సంపుటం వచ్చేనాటికి అమెరికాలో మద్యనిషేధం అమల్లో ఉంది, 1920 నుంచి 1933 దాకా. కొత్త సీసా తెరవకూడదు, తెరిచినదే తాగాలి అన్నది బిల్ తండ్రి పెట్టిన నియమం. కొత్త సీసాలు తెరవడమే మనిషిని తాగుబోతుని చేస్తుందట. అది విని నిక్ ఆశ్చర్యపోతాడు. తాగుబోతుల్ని తయారుచేసేది ఒంటరిగా తాగడమని వాడు అనుకుంటున్నాడు మరి. ఇద్దరూ పెద్దవాళ్లలా తండ్రుల గురించి మాట్లాడుకుంటారు. మత్తు ఎక్కినా తూలట్లేదని చూపించుకోవడానికి నిక్ కట్టె తేవడానికి వెళ్తాడు. దారిలో వంటింట్లో నీళ్లలో నానబెట్టిన ఎండు ఆప్రికాట్ పళ్ల గిన్నెని బల్ల మీద నుంచి కింద పడేస్తాడు. తర్వాత వంగి, ఒక్కొక్క పండూ ఏరి మళ్లీ గిన్నెలో వేసి నీళ్లు పోస్తాడు.

ఆ ఆప్రికాట్లు ఏరడంలోనే నాకు కథంతా దొరికింది. తాగి పెద్దవాడయ్యాడని కాదు, పెద్దవాడిలా కనబడటానికి ఎంత తంటాలు పడుతున్నాడో అని. గ్లాసు వాడికి ఏమీ నేర్పలేదు. వాళ్లు అసలు మాట్లాడాలనుకున్నది మార్జరీ గురించి, నిక్ వదిలేసిన అమ్మాయి గురించి. ఆ రాత్రి ఆమె ఎక్కడుంది? ఇక్కడ హెమింగ్వే నా చేతికి చిక్కలేదు. అదే పుస్తకంలో అంతకుముందు కథలో ఆమె వెళ్లిపోవడం మనం చూశాం. ఏడుపూ గొడవా లేకుండా పడవ నీళ్లలోకి తోసుకుని తనే తెడ్డు వేసుకుంటూ వెళ్లిపోయింది. ఆ ఇద్దరి కన్నా ఆమే పెద్ద మనిషి. ఆ సంగతి పాఠకుడికి ముందే తెలుసు, నిక్‌కే ఇంకా తెలియదు. టెర్రస్ కథలు రాసే పిల్లలు ఈ కథలో విస్కీని మాత్రం తీసుకుని, పడవని వదిలేస్తున్నారు.

ఇక మా ఇంటి సంగతి. మాది నెల్లూరు జిల్లాలో మెట్ట ఊరు. మా నాన్న బస్తాలు మోసేవాడు. చెడ్డవాడు కాదు. ఒళ్లు హూనమయ్యే పని, దానికి మందు సారా అని వాళ్లందరూ నమ్మారు. ఆ నమ్మకాన్ని ప్రభుత్వమే ఇంటి దాకా తెచ్చింది. 1983లో వచ్చిన వారుణి వాహిని పథకంతో సారా ప్యాకెట్లలోకి ఎక్కింది, ఊరూరికీ చేరింది. తాగని రోజున నాన్న భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడు. తాగిన రోజున ఎవరో తెలియని మనిషి వచ్చేవాడు. ఏ రోజు ఎవరొస్తారో తెలుసుకోవడమే నేను నేర్చుకున్న మొదటి చదువు. సైకిల్ తొక్కుకుంటూ వస్తే పర్లేదు. తోసుకుంటూ వస్తే, స్టాండ్ వెయ్యడం రెండు మూడు సార్లు తప్పితే, తమ్ముణ్ని వెనక పక్కింటికి పంపేసేదాన్ని. అగ్గిపెట్టె దాచేదాన్ని. కత్తిపీట మంచం కిందికి తోసేదాన్ని. అప్పుడు నాకు 11 ఏళ్లు. నన్ను పీట మీద కూర్చోబెట్టింది ఇంకో రెండేళ్ల తర్వాత. కానీ నేను పెద్దదాన్నయింది ఆ స్టాండ్ చప్పుడు దగ్గరే. నేను చుక్క తాగకుండానే.

ఆ ఏడాదే మా అమ్మ రాత్రి బడికి వెళ్లడం మొదలుపెట్టింది. జిల్లాలో 1991 నుంచి అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం నడుస్తోంది. పగలంతా పొలం పని, రాత్రి లాంతరు దగ్గర పలక. వత్తులు వచ్చేసరికి ఆమెకు టెన్షన్. నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. ఆ వాచకాల్లో సీతమ్మ అనే ఆవిడ కథ ఒకటి ఉండేది. ఆమె ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి సారా కొట్టు మూయిస్తుంది. అక్షరాలు నేర్పడానికి పెట్టిన చిన్న కథ. రచనగా దాన్ని ఎవరూ పొగడరు. అమ్మ వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివి, చివరికొచ్చాక మళ్లీ మొదటికి వెళ్లింది. ఆ రాత్రి ఆ కథని మూడుసార్లు చదివించుకుంది.

జిల్లాలో ఎందరో ఆడవాళ్లు అలాగే చదివారు. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్లు సారా కొట్టు ముందు నిలబడ్డారు. మా ఊరు దూబగుంట కాదు, కానీ ఆ కబురు మా ఊరికీ వచ్చింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని వెళ్లిన వాళ్లలో మా అమ్మ కూడా ఉంది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా ఆపారు, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా ఆపారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. తర్వాత బెల్టు షాపులొచ్చాయి. మా నాన్న మధ్యలో మానేశాడు, మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు లేడు.

వయసు రావడం మీద నాకు తెలిసిన తెలుగు కథల్లో ఆ వాచకం కథని మించింది లేదు. ఆ మాట నేను బాగా ఆలోచించే అంటున్నాను. మిగతా కథల్లో పదిహేడేళ్ల కుర్రాడు సీసా ఎత్తి పెద్దవాడవుతాడు. ఇక్కడ ముప్పై అయిదేళ్ల ఆడమనిషి సీసా దింపించి పెద్దదయింది. అన్నాళ్లూ 'ఫలానా వాడి పెళ్లాం'గా ఉన్న మనిషి, ఊరి మధ్యలో నిలబడి గొంతెత్తింది. మా అమ్మ గొంతు అంత గట్టిదని నాకు అంతకుముందు తెలియదు. ఆమెకూ తెలియదేమో.

అలాంటి ఇంటి నుంచి వచ్చి, అలాంటి గొంతు విని, నేను 24 ఏళ్లకు కూర్చుని రాసింది ఏమిటి? చెరువు కట్ట మీద కుర్రాడి కథ. కథంటే అలా ఉండాలని చదివి నేర్చుకున్నాను. సైకిల్ స్టాండ్ కథకు పనికొస్తుందని నాకెవరూ చెప్పలేదు. నాకు కూడా తోచలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

కిందటిసారి వర్క్‌షాపులో ఒకమ్మాయి టెర్రస్ కథే తెచ్చింది. సీసా తీసెయ్యమని నేను చెప్పలేదు. పొద్దున్నే ఆ సీసాలు ఎవరు తీస్తారు అని అడిగాను. రెండు రోజుల తర్వాత ఆమె కొత్త కథ తెచ్చింది. హాస్టల్ వాచ్‌మన్ భార్య పొద్దున్నే సీసాలు ఏరి పాత సామాన్ల వాడికి వేస్తుంది. ఆమె కొడుకు వాటిని లెక్కపెడతాడు. వాడికి గుణకారం వచ్చింది ఆ లెక్కతోనే. పరీక్షలు అయిపోయిన రాత్రి సీసాలు ఎక్కువ, స్కూలు ఫీజు ఆ వారమే కట్టగలిగారు. కుర్రాళ్లు అలాగే తాగుతున్నారు, ఏడుస్తున్నారు, ఒట్లు పెట్టుకుంటున్నారు, కానీ అదంతా పైనుంచి వినబడే శబ్దం మాత్రమే. చదువుతుంటే నా చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అదే టెర్రస్, అవే సీసాలు. ఎవరి వైపు నుంచి చూస్తున్నామన్నది ఒక్కటే మారింది.

నేను కూడా నా పాత కథని మళ్లీ రాస్తున్నాను. ఈసారి చెరువు కట్ట దగ్గర మొదలుపెట్టలేదు. అన్నం గిన్నె మీద మూత దగ్గర మొదలుపెట్టాను. అక్కడే ఆగిపోయాను కూడా, ఎందుకంటే ఆ తర్వాత ఆమె ఏం చేస్తుందో నాకు ఇంకా తెలియదు. ఇన్నేళ్లుగా అందరి కథలకీ ఆ ప్రశ్న వేసినదాన్ని, మా ఇంటి సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అడిగాను.

"అమ్మా, నాన్న అట్టా వచ్చిన రోజుల్లో నువ్వు అన్నం తినేదానివా?"

అమ్మకి ఇప్పుడు చెవులు సరిగా వినబడవు. రెండోసారి అడగాల్సి వచ్చింది. కాసేపు గుర్తు చేసుకుంది.

"యాడ తినేది. మీరు పడుకున్నాక అన్నంలో నీళ్లు పోసి పెట్టేదాన్ని. పొద్దున్నే మీ ఇద్దరికీ చద్దన్నం సరిపోయేది."

ఆ చద్దన్నం నాకు బాగా గుర్తు. ఉల్లిపాయ కొరుక్కుంటూ, గిన్నె అడుగు దాకా తినేదాన్ని. కొన్ని రోజులు ఎక్కువ ఉండేది. ఎక్కువ ఉన్న రోజు నాకు సంతోషంగా ఉండేది.